పాట కింద వినిపించే గిటారు

హరికథలూ, త్యాగరాజ కీర్తనలూ, పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రా వాళ్ళు పాడే సినిమా పాటలూ తప్ప వేరే సంగీతం ఎరుగని నెల్లూరు పిల్లలకు బార్నీ కెస్సెల్ అనే అమెరికన్ జాజ్ గిటారిస్టును పరిచయం చేసినవారు మన పాఠశాల లెక్కల మాస్టారు. ఆయన ఆదివారాలు చర్చిలో గిటారు వాయించేవారు. మద్రాసు వెళ్ళినప్పుడల్లా మూర్ మార్కెట్‌లో పాత రికార్డుల దుకాణాలు గాలించి, జీతంలో మిగిలిన కాస్తా అక్కడే ఖర్చు పెట్టి వచ్చేవారు. (ఆ మార్కెట్ 1985లో అగ్నికి ఆహుతైంది.) శనివారం సాయంత్రాలు తరగతి గదిలో రికార్డు పెట్టి, "గొంతును వదిలేయండిరా, దాని కింద ఏం నడుస్తోందో చెప్పండి" అని అడిగేవారు. ఈ సంచికకు మాస్టారి గురించి రాయమని సంపాదకులు కోరినప్పుడు, ఆయన మాకు చెప్పిన ఆ కళాకారుడి జీవితం రాయడమే సముచితమని నాకు తోచింది.

కెస్సెల్ 1923 అక్టోబరు 17న ఓక్లహోమా రాష్ట్రంలోని మస్కోగీ పట్టణంలో పుట్టారు. పన్నెండేళ్ళ వయసులో వార్తాపత్రికలు అమ్మి కూడబెట్టిన డబ్బుతో మొదటి గిటారు కొనుక్కున్నారు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం స్వయంకృషే. పద్నాలుగో ఏటికే నల్లజాతి సంగీతకారుల బృందంలో వాయించేవారు. జాతుల మధ్య గోడలు బలంగా ఉన్న ఆ ప్రాంతంలో, ఆ కాలంలో, ఇది చిన్న సంగతి కాదు. ఎలక్ట్రిక్ గిటారు మీద సాక్సొఫోన్ లాగా ఒక్కొక్క స్వరాన్నే పలికిస్తూ సోలో వాయించే పద్ధతికి దారి చూపిన చార్లీ క్రిస్టియన్ అదే రాష్ట్రంలో పెరిగినవారు. పదహారేళ్ళ కెస్సెల్‌కు ఆయనతో కలిసి వాయించే అదృష్టం దక్కింది. క్రిస్టియన్ 1942లో పాతికేళ్ళకే కన్నుమూశారు.

ఆ సంవత్సరమే కెస్సెల్ లాస్ ఏంజిల్స్ చేరుకుని, మొదట గిన్నెలు కడిగే పని చేసి, తరువాత హాస్యనటుడు చీకో మార్క్స్ పేరిట నడిచిన ఆర్కెస్ట్రాలో చేరారు. 1944లో జాజ్ మీద తీసిన ఒక లఘుచిత్రంలో లెస్టర్ యంగ్ వంటి దిగ్గజాల పక్కన వాయించిన ఏకైక తెల్లజాతి కళాకారుడు ఆయనే. తెల్లవాడూ నల్లవాళ్ళూ కలిసి కనబడితే దక్షిణాది రాష్ట్రాల్లో గొడవ అవుతుందని భయపడి, ఆయనను నీడలో నిలబెట్టి, చేతులకు పళ్ళరసం పూసి రంగు మార్చారని చెబుతారు. మాస్టారు ఈ సంగతి చెప్పిన రోజు మేమంతా నవ్వాము. ఆయన మాత్రం నవ్వలేదు.

1947లో సాక్సొఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ రికార్డింగుల్లో, 1952 నుంచి ఏడాది పాటు పియానో విద్వాంసుడు ఆస్కార్ పీటర్సన్ త్రయంలో వాయించి పేరు తెచ్చుకున్నా, ఆయన అసలు గొప్పతనం తెలియాలంటే 1955లో గాయని జూలీ లండన్‌తో చేసిన రికార్డు వినాలని నా అభిప్రాయం. అందులో డ్రమ్స్ లేవు, పియానో లేదు, వయొలిన్ల బారు అసలే లేదు. గొంతు వెనుక ఒక గిటారు, రే లెదర్‌వుడ్ వాయించిన ఒక బేస్ (మంద్రస్వరాల తంత్రీవాద్యం), అంతే. బుర్రకథలో వంతదారు కథకుడికి ఊపిరి తీసుకునే చోటిచ్చి, సరిగ్గా అక్కడే అందుకున్నట్టుగా, ఆమె మాట ముగిసే చోట కెస్సెల్ రెండు మూడు కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుచ్ఛాలు) పలికించి, ఆమె మళ్ళీ ఎత్తుకునే లోపే తప్పుకుంటారు. ఎంతో వాయించగలిగిన మనిషి ఎంత తక్కువ వాయించారో గమనించడమే మాకు మాస్టారు పెట్టిన పరీక్ష. వేగంగా సాగే ఆయన సోలోలు నాకు ఇంతగా పట్టలేదు.

1960ల నాటికి ఆయన హాలీవుడ్ స్టూడియోల్లో అత్యంత గిరాకీ గల గిటారిస్టులలో ఒకరు. సెషన్ వాద్యకారుడి, అంటే రికార్డింగుకు పిలిస్తే వచ్చి వాయించి వెళ్ళేవాడి, పని తీరు బయటివారికి అంతగా తెలియదు. అక్కడ సాధారణంగా సెషన్ అంటే మూడు గంటలు. లోపలికి వెళ్ళేవరకు ఏ పాట వాయించాలో తెలియకపోవచ్చు. ఎదుట పెట్టిన కాగితం చూసి మొదటిసారే తప్పు లేకుండా వాయించాలి. ఒక్కోసారి ఆ కాగితం మీద కార్డ్స్ పేర్లు తప్ప ఇంకేమీ ఉండవు, మిగిలింది తానే సమకూర్చాలి. అప్పటికప్పుడు కల్పించి వాయించడం జాజ్‌లో నిత్యకృత్యం కనుక, ఆ స్టూడియోలకు జాజ్ నేర్చినవారే అక్కరకొచ్చారు. నిర్మాత ఫిల్ స్పెక్టర్ రికార్డులకూ, 1966లో బీచ్ బాయ్స్ బృందం చేసిన పెట్ సౌండ్స్ ఆల్బమ్‌కూ, ఎల్విస్ ప్రెస్లీ సినిమా పాటలకూ ఆయన వాయించారు. వాటిని విన్న కోట్లాది మందిలో ఆయన పేరు తెలిసినవారు బహు కొద్దిమంది, ఎందుకంటే ఆ రోజుల్లో పాప్ రికార్డుల మీద వాద్యకారుల పేర్లు అచ్చువేసే ఆనవాయితీ అంతగా లేదు.

మనకు దగ్గరలోని మద్రాసులోనూ ఇదే కథ నడిచింది. సంగీత దర్శకుడు కాకముందు ఇళయరాజా సలీల్ చౌధురీ వంటివారి వద్ద సెషన్ గిటారిస్టుగా పనిచేశారు. మన జిల్లావారైన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం నడిపిన బృందంలోనూ వాయించారు. ఇళయరాజా పేరు తరువాత లోకానికి తెలిసింది. అదే గదుల్లో ఆయన పక్కన కూర్చున్న చాలామంది పేర్లు మనకు ఈనాటికీ తెలియవు.

స్టూడియో పనిలో పడి కెస్సెల్ జాజ్‌ను వదిలిపెట్టలేదు. 1957లో బేస్ వాయించే రే బ్రౌన్, డ్రమ్స్ వాయించే షెల్లీ మాన్‌లతో కలిసి పోల్ విన్నర్స్ పేరిట, 1970లలో తోటి గిటారిస్టులు హెర్బ్ ఎల్లిస్, చార్లీ బర్డ్‌లతో కలిసి గ్రేట్ గిటార్స్ పేరిట వాయించారు. 1992లో పక్షవాతం రావడంతో వాద్యం ఆగిపోయింది. 2004 మే 6న శాన్ డియేగోలో మరణించారు.

మన పాఠశాలలో ఇప్పుడు గిటారు నేర్చుకుంటున్న పిల్లలున్నారని విన్నాను. వారికి ముందుగా 1955 నాటి రికార్డు, ఆ తరువాత పోల్ విన్నర్స్ వినిపించమని ఉపాధ్యాయులకు నా మనవి. మొదటిదానిలో గిటారు పాటకు తోడుగా ఉంటుంది, రెండోదానిలో అదే చేతులు పాటంతా తామే నడిపిస్తాయి.