ఇజులాకు కొత్త పిడి, కొత్త ఒర

టెక్సస్‌లో రాత్రి పని ముగించుకొని ఒంటరిగా కారు దాకా నడవవలసి వచ్చే నేను, నడుముకు పెట్టుకొనేందుకు ఇజులా అనే మడవని చిన్న కత్తిని ఎంచుకున్నాను. దాని అలుగు మూడంగుళాలకు లోపే ఉంటుంది. పిడి మాత్రం రంధ్రాలున్న ఉత్త ఉక్కు చట్రం కావడంతో చెమట పట్టిన అరచేతిలో జారిపోయేది. అందుకే గుడ్డ పొరలను రెజిన్‌తో గట్టిపరచి చేసే మికార్టా పలకలను రెండువైపులా మరలతో బిగించి, చూపుడువేలు ఆనే అంచును సాండ్‌పేపర్‌తో గుండ్రంగా అరగదీశాను. నునుపు చేస్తే తడిలో పట్టు పోతుంది కనుక మెరుగు పెట్టలేదు.

నా దృష్టిలో పిడి కన్నా ఒర ముఖ్యం. కైడెక్స్ అనే, వేడికి మెత్తబడే ప్లాస్టిక్ రేకును సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, మెత్తబడగానే కత్తి మీద స్పాంజితో అదిమి చల్లారనిచ్చాను. మొదటి ఒర ఎంత బిగిసిందంటే, కత్తిని రెండు చేతులతో లాగవలసి వచ్చింది; మూతి దగ్గర మళ్లీ వేడి తగిలించి, తలకిందులుగా ఊపినా జారకుండా, బొటనవేలితో నెట్టగానే టక్కున వచ్చేలా సరిచేశాను.

దీని 1095 ఉక్కులో కార్బన్ దాదాపు 0.95 శాతం ఉంటుంది, తుప్పును ఆపేంత క్రోమియం ఉండదు. అందువల్ల పూత లేని పదును అంచుకు వారానికొకసారి మినరల్ ఆయిల్ రాస్తాను.

2017 సెప్టెంబరు 1 నుంచి ఇక్కడ అలుగు 5.5 అంగుళాలు దాటితేనే బడుల వంటి కొన్ని చోట్లకు కత్తి తీసుకెళ్లకూడదన్న చట్ట నిషేధాలు వర్తిస్తున్నా, పిల్లల బడికి వెళ్లేటప్పుడు దీన్ని ఇంట్లోనే ఉంచుతాను.