బావి ఎండలేదు, పూడింది

మొన్న ఆదివారం మా చర్చిలో ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటుంటే నేనూ ఒక మూల కూర్చుని విన్నాను. "సంఘం బాగా ఎండిపోయిందమ్మా, ఏదో ఒకటి చెయ్యాలి" అన్నారు ఒకాయన. ఇంకొకాయన వెంటనే అందుకున్నారు. "మే నెలలో మూడు రోజులు ఉజ్జీవ కూటాలు పెడదాం. హైదరాబాదు నుంచి పెద్ద ప్రసంగీకుణ్ణి పిలిపిద్దాం, సౌండ్ సిస్టమ్ ఒంగోలు నుంచి తెప్పిద్దాం." ఉజ్జీవ కూటాలంటే చల్లారిన భక్తిని మళ్లీ రగిలించే సభలు. పది నిమిషాల్లో లెక్క తేలిపోయింది. షామియానాకు ఇంత, మైకుకు ఇంత, భోజనాలకు ఇంత. ఎందుకు ఎండిపోయామని మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు మనసు కలుక్కుమంది.

మన ఉమ్మడి ప్రకాశం జిల్లా వాళ్లకు ట్యాంకర్ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఎండలు ముదిరాయంటే పొదిలి, కనిగిరి వైపు పల్లెల్లో డ్రమ్ములు, బిందెలు రోడ్డు పక్కన వరసగా ఉంటాయి. హారన్ వినపడగానే పరుగు. ఆ పూటకు ఇల్లంతా నీళ్లే. మూడో రోజుకు డ్రమ్ము అడుగు కనిపిస్తుంది. మన కూటాలూ అలాగే అయిపోయాయి. మూడు రాత్రులు ఏడుస్తాం, చేతులెత్తుతాం, తీర్మానాలు చేసుకుంటాం. రెండు వారాలు తిరిగేసరికి బుధవారం ప్రార్థనకు మళ్లీ ఆ ఏడుగురు ముసలమ్మలే. కూటాలు వద్దని నేను అనను. పదిహేనేళ్ల పిల్లగా నేను ప్రభువును ఎరిగింది కూటాల్లోనే. కానీ ట్యాంకర్ వస్తుంది కదా అని పెరట్లో బావిలో చెత్త పోసుకుంటే ఎలా?

ఆదికాండము 26వ అధ్యాయం చాలామంది గబగబా చదివేసి యాకోబు దగ్గరికి వెళ్లిపోతారు. నేను ఆ అధ్యాయంలోనే ఆగిపోయి చాలా కాలమైంది. దేశంలో కరవు. ఇస్సాకు గెరారు లోయలో గుడారం వేసుకుని, తండ్రి అబ్రాహాము కాలంలో తవ్విన బావుల్ని మళ్లీ తవ్విస్తాడు. అబ్రాహాము చనిపోయాక ఆ దేశపు ఫిలిష్తీయులు వాటిని మట్టితో పూడ్చేశారు. ఇది గమనించండి. వాక్యం ఎక్కడా ఆ బావులు ఎండిపోయాయని చెప్పలేదు. పూడ్చివేశారని చెప్పింది. కింద నీళ్లు ఉన్నాయి, పైన మట్టి ఉంది. మనం మాత్రం ఎండిపోయాం, ఎండిపోయాం అని దేవుని మీద నెపం పెడుతున్నాం.

మా నాన్న మా చేని బావికి పూడిక తీయించిన వేసవి నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు ఉంటాయేమో. ఆ ఏడు బావిలో బొక్కెన వేస్తే నీళ్ల చప్పుడుకు బదులు థప్‌మని బురద చప్పుడు వచ్చింది. ఊళ్లో అందరూ బావి పోయిందన్నారు. నాన్న ఒప్పుకోలేదు. నడుముకు తాడు కట్టుకుని, ఇద్దరు మనుషుల్ని తోడు తీసుకుని తనే దిగాడు. గిలక మీద తట్టలు ఒకదాని తర్వాత ఒకటి పైకి వస్తూనే ఉన్నాయి. నల్లటి మట్టి, కుళ్లిన ఆకులు, కుండ పెంకులు, తుప్పుపట్టి ఆకారం పోయిన రెండు బొక్కెనలు. మా అమ్మ పెళ్లికి పెట్టిన ఇత్తడి చెంబు కూడా వచ్చింది. అది పోయిందని ఇరుగింటి వాళ్లను ఎన్నేళ్లు అనుమానించామో! మూడో రోజు మధ్యాహ్నం లోపలి నుంచి నాన్న కేక వేశాడు, "జెల పడిందే!" అని. జెల అంటే నీటి ఊట. ఒడ్డున బోర్లా పడుకుని తొంగిచూశాను. నాన్న ఒక రాతి పక్కన బొటనవేలు అదిమి పెట్టి ఉన్నాడు. వేలు తీస్తే సన్నగా, మా పలక పుల్లంత లావున నీరు కారుతోంది. వేలు పెడితే ఆగుతోంది. అంతే. అలాంటి సన్నటి జెలలే మా పదెకరాల చేనును సాకాయి. మా తెలుగు బైబిల్లో ఆ 26వ అధ్యాయంలోనే "జెలలుగల నీళ్ల బావి" అనే మాట ఉంటుంది. ఆ మాట చదివిన ప్రతిసారీ నాకు నాన్న బొటనవేలే గుర్తొస్తుంది.

బావిలో అంత మట్టిని ఒక్క రోజులో ఎవరూ తెచ్చి పోయలేదు. ఏటా గాలికి కొంత పడింది, వానకు ఒడ్డు కొంత జారింది, పిల్లలం మేం వేసిన రాళ్లు కొన్ని. మన బావులకు ఫిలిష్తీయులు బయటినుంచి రానక్కర్లేదు.

పూడిక ఎలా పడుతుందో నా సంగతే చెబుతాను. ముప్పై ఏళ్లుగా ఆదివార బడి పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఒక దశలో బైబిలు తెరవడమంటే పిల్లలకు ఏం చెప్పాలో వెతుక్కోవడమే అయిపోయింది. నాకోసం ఒక్క వచనం చదువుకోలేదు. స్త్రీల సమాజంలో ప్రార్థన చెయ్యమంటే నోరు దానంతటది నడిచేది. "పరిశుద్ధుడవైన తండ్రీ" అని మొదలుపెడితే ఎక్కడ ఆగాలో కూడా మాటలకే తెలుసు. కీర్తన పాడుతూ ఎవరు రాలేదో లెక్కపెట్టేదాన్ని. ప్రభువు బల్ల దగ్గర, యేసు మరణాన్ని తలచుకుని తినాల్సిన ఆ రొట్టె తీసుకుంటూ, ఇంటికెళ్లి పప్పులో పోపు పెట్టాలి అనుకునేదాన్ని. ఇదంతా జరుగుతున్నా సంఘంలో నాకు మంచి పేరే ఉంది. ప్రకటన గ్రంథంలో ఎఫెసు సంఘానికి కూడా మంచి పేరే ఉంది చూడండి. వాళ్ల క్రియలు, కష్టం, సహనం అన్నీ ప్రభువు ఒప్పుకున్నాడు. ఒప్పుకునే, "మొదట నీకుండిన ప్రేమను నీవు వదిలితివి" అన్నాడు. ఎండిన సంఘం ఖాళీగా కూర్చున్న సంఘం అయి ఉంటుందని అనుకుంటాం. చాలాసార్లు చేతినిండా పని ఉన్న సంఘమే ఎండుతుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఎండిపోయినట్టు అనిపించిన ప్రతివాళ్లనూ పట్టుకుని "నీలో పాపం ఉంది" అనకండి. దావీదు పాపం దాచుకున్నప్పుడు "నా సారము వేసవికాలమున ఎండినట్టాయెను" అన్నమాట నిజమే, 32వ కీర్తన. కానీ ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని చావు కోరుకున్నప్పుడు దేవుడు పాపం గురించి అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు పెట్టాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి తినమన్నాడు. మాట్లాడింది ఆ తర్వాతే. మా అమ్మ పోయినప్పుడు నాకు ఎనిమిది నెలలు ప్రార్థన రాలేదు. ఒక సహోదరుడు నలుగురిలో "విశ్వాసం తక్కువైతే ఇలాగే ఉంటుంది" అన్నాడు. ఆ మాట ముల్లులా చాలాకాలం ఉండిపోయింది. దుఃఖంలో ఉన్నవాళ్లకు అన్నం పెట్టండి. పాస్టరమ్మ గారు అలిసిపోయి కనిపిస్తే ఒక పూట వంట చేసి పంపండి, ఒక వారం ఆమెను ఏ కూటానికీ పిలవకండి.

సరే, బావి దగ్గరికి వద్దాం. ఇస్సాకు తిరిగి తవ్వించిన ఆ బావులకు తన తండ్రి పెట్టిన పేర్లే పెట్టాడు. కొత్త పేర్లు వెతకలేదు. మన తాతలు తవ్విన బావులకు ఏం పేర్లున్నాయో మనకు గుర్తుందా? 1853లో అమెరికాలో మిషను పెద్దలు, ఇన్నేళ్లయినా ఫలం లేదు కదా, నెల్లూరులో ఈ సువార్త పని మూసేద్దామా అని తర్కించుకున్నారు. ఆ తర్వాత 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద అయిదుగురు మోకాళ్లూనారు. అమెరికా మిషనరీ జూవెట్ దొర, ఆయన భార్య, వాళ్లతో ముగ్గురు తెలుగువాళ్లు. మైకు లేదు, షామియానా లేదు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. ఆ సేవకుడు, క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866లో. పన్నెండేళ్లు! మనం పన్నెండు వారాలు ఆగుతామా? 1867 మొదట్లో తాళ్లకొండపాడులో చింతచెట్ల కింద రోజుల తరబడి వాక్యం విని 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 1876 నుంచి 78 వరకు కరవొచ్చింది. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడు నాలుగు మైళ్ల తవ్వకం పని కంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. అన్నం కోసం మతం మారారనే మాట రాకూడదని ఆ కరవు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె వార్షికోత్సవాల్లో గొప్పగా చెప్పుకుంటాం. కొండ మీద ఆ అయిదుగురినీ, ఆ పన్నెండేళ్లనూ చెప్పుకోం.

మా నాయనమ్మ చదువు రానిది. నెలకోసారి ప్రభువు బల్ల వచ్చే ముందు శనివారం సాయంత్రం ఆమె ఇంట్లో ఉండేది కాదు. ఎవరితో మాట తేడా వచ్చిందో వాళ్లింటికి వెళ్లి, అరుగు మీద కూర్చుని, నాలుగు మాటలు మాట్లాడి వచ్చేది. వాళ్లు తప్పు చేసినా సరే తనే వెళ్లేది. "పొద్దున రొట్టె గొంతు దిగాలి గదే" అనేది. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట ఆమెకు ఏ అధ్యాయమో తెలియదు. ఆ బావికి ఆమె పెట్టిన పేరు "శనివారం పని". ఆమె పోయాక మా ఇంట్లో ఎవరం ఆ పని చెయ్యలేదు.

అందుకే 26వ అధ్యాయం చివర నన్ను వదలదు. గెరారు కాపరులు బావి కోసం జగడమాడితే ఇస్సాకు దానికి ఏశెకు అని పేరు పెట్టి వదిలేశాడు, అంటే జగడం. ఇంకొకటి తవ్వితే దానికీ గొడవే, అది శిత్నా, అంటే పగ. దాన్నీ వదిలాడు. మూడో బావి రెహోబోతు దగ్గర ఎవరూ అడ్డం రాలేదు. ఆ పైన బెయేర్షెబాకు వెళ్లి బలిపీఠం కట్టాడు. అక్కడికి ఫిలిష్తీయుల రాజు అబీమెలెకు తన మనుషులతో వచ్చాడు. ఇస్సాకును మా దగ్గర నుంచి వెళ్లిపొమ్మన్నది ఈయనే. బావులు పూడ్చింది ఆయన జనమే. ఇస్సాకు అడిగాడు కూడా, నన్ను పగబట్టి పంపేసిన మీరు ఎందుకొచ్చారని. అడిగి, విందు చేసి, అన్నం పెట్టాడు. తెల్లవారి లేచి ప్రమాణాలు చేసుకున్నారు. వాళ్లు సమాధానంగా వెళ్లారు. వెంటనే వచ్చే మాట ఇది: ఆ దినమందే ఇస్సాకు దాసులు వచ్చి "మాకు నీళ్లు కనబడినవి" అన్నారు. ఆ దినమందే! పగవాడికి అన్నం పెట్టి పంపిన రోజునే నీళ్లు పడ్డాయి. ఆ మాట పరిశుద్ధాత్ముడు ఊరికే రాయించాడని నేననుకోను.

మా వదినా నేనూ ఒకే సంఘం, ఒకే చాప. రెండేళ్ల కిందట క్రిస్మస్ ముందు స్త్రీల సమాజం డబ్బుల విషయంలో ఆమె అందరి ముందు "లెక్క చూపించు" అంది. పైసాతో సహా చూపించాను. ఆ రోజు నుంచి ఏడాదికి పైనే ఆమెతో మాట్లాడలేదు. పక్కనే కూర్చుని పాటల పుస్తకం ఒకరిదొకరికి ఇవ్వకుండా పాడుకున్నాం. ఎండిపోయానని ప్రతి ఉపవాస ప్రార్థనలోనూ చెప్పుకునేదాన్ని. ఆ బావిలో అడ్డంగా పడ్డ రాయి మాత్రం నా పక్క చాప మీదే ఉంది.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో, పోయినసారి ఒక శుక్రవారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. ఏమని మొదలుపెట్టాలో టెన్షన్. వదిన వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి తల ఎత్తింది, మళ్లీ దించింది. ఇంకో కత్తిపీట కనిపిస్తే వేసుకుని నేనూ కూర్చున్నాను. అరగంట ఇద్దరం మాట్లాడలేదు. నార ఒక పక్క, గింజ ఒక పక్క, చేతులు జిగట. చివరికి వదినే, "అన్నం తిన్నావా?" అంది. తినలేదన్నాను. లేచి పెట్టింది. లెక్క మాట ఇద్దరం ఎత్తలేదు. ఆ మాట తర్వాతెప్పుడో వచ్చింది, ఇద్దరం ఏడ్చాం కూడా.

ఆ రాత్రి ప్రార్థనకు కూర్చుంటే పాత మాటలు ఒక్కటీ రాలేదు. "అయ్యా, నేను గర్విష్ఠిని" అని ఒక్క ముక్క వచ్చింది. తర్వాత కోపం వచ్చింది, వదిన మీద మళ్లీ. తర్వాత అమ్మ గుర్తొచ్చింది. అంతా కలగాపులగం. ఇదేం ప్రార్థన అని బాధపడ్డాను. అప్పుడు నాన్న మాట జ్ఞాపకం వచ్చింది. జెల పడిన రోజు అమ్మ ఆత్రంగా బిందె ముంచితే నీళ్లు ఎర్రగా, బురదగా వచ్చాయి. అమ్మ ముఖం చిన్నబోయింది. నాన్న నవ్వి, "మూడు రోజులు తోడి పారబొయ్యండే, అదే తేటపడుతుంది" అన్నాడు.

కాబట్టి పెద్దలకు నా మనవి. కూటాలు మేలో పెట్టుకోండి. దానికి ముందు వచ్చే నాలుగు శనివారాలు మాత్రం మాకివ్వండి. ఆ సాయంత్రాలు ఎవరూ గుడికి రావద్దు, పాట ప్రాక్టీసు వద్దు. ఎవరింటికి వెళ్లాలో మన లోపల మనకు తెలుసు. అక్కడికి వెళ్దాం. పెట్టింది తిని వద్దాం. ఆదివారం వచ్చే ప్రార్థనలు తడబడితే, మధ్యలో ఆగిపోతే, దయచేసి ఎవరూ మైకు అందుకోకండి.