మిద్దె తోటకు ఎరువు కోసం వెతుకులాట, తయారీ – నా అనుభవం

మిద్దె తోట పెట్టుకుందామనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఏ విత్తనాలు కొనాలి, ఏ కుండీలు మంచివి అని. ముందు ఎరువు ఎక్కడి నుంచి వస్తుందో చూసుకోండి, మిగతావన్నీ తర్వాత అని చెప్తాను నేను. మాది హైదరాబాద్‌లో వనస్థలిపురం వైపు. మిద్దె మీద పాత పెయింట్ డబ్బాలు, గ్రో బ్యాగులు, ఇటుకలు పేర్చి కట్టిన రెండు మడులు ఉన్నాయి. వంకాయ, టమాటా, బెండ, గోరుచిక్కుడు, పాలకూర, గోంగూర, పందిరి మీద బీర, సొర వేస్తాను. మొదటి కాపు బాగానే వచ్చింది. రెండో కాపుకు వచ్చేసరికి వంగ మొక్కల కింది ఆకులు పసుపు తిరగడం, పూత వచ్చినా నిలవకపోవడం, బీరపాదు పాకుతుంది గానీ పిందె పట్టకపోవడం. చీడపీడలేమీ కనపడలేదు. కుండీలో మట్టికి సత్తువ అయిపోయింది, అంతే.

నేలలో అయితే వేరు దూరం పోయి వెతుక్కుంటుంది. కుండీలో వేరుకు ఎటూ దారి లేదు, పైగా మనం రోజూ పోసే నీళ్లతోపాటు ఉన్న సారమంతా అడుగు రంధ్రాల్లోంచి కారిపోతుంది. కింది ముదురాకులు ముందు పసుపెక్కడం నత్రజని తక్కువైందనడానికి గుర్తు, ఎందుకంటే మొక్క ఉన్న కాస్త నత్రజనినీ పాత ఆకుల్లోంచి లాగి లేత చిగుళ్లకు పంపుకుంటుంది. నర్సరీలో అడిగితే నాలుగు డీఏపీ (రసాయన ఎరువు) గింజలు వెయ్యండమ్మా, వారంలో పచ్చబడుతుంది అన్నారు. పచ్చబడుతుంది, నిజమే. కానీ మా పిల్లలు టమాటా మొక్క మీదే కోసుకుని అక్కడే నిలబడి తినేస్తారు, వాళ్ల కోసమే ఈ తోట పెట్టుకున్నది. పైగా ఆ చిన్న కుండీలో రసాయన ఎరువు ఓ పిసరు ఎక్కువైనా ఉప్పులు పేరుకుని వేర్లు మాడిపోతాయి. అందుకని సేంద్రియ ఎరువే కావాలని గట్టిగా అనుకున్నాను.

అనుకున్నంత సులువుగా దొరకలేదు. వర్మీ కంపోస్ట్ (వానపాముల ఎరువు) అని రాసి ఉన్న ఒక సంచి తెచ్చాను. విప్పితే నల్లగా, చూడ్డానికి బాగుంది. ఒక గుప్పెడు తీసి గాజు గ్లాసులో నీళ్లు పోసి కలిపి పక్కన పెడితే కాసేపటికి అడుగున సగానికి సగం ఇసుక పేరుకుంది, పైన కొబ్బరి పొట్టు తేలింది. అమ్మినాయన్ని అడిగితే కంపెనీ నుంచి అలాగే వస్తుందమ్మా అన్నాడు. అప్పటి నుంచి ఏ ఎరువు కొన్నా ముందు కిలో మాత్రమే తెచ్చి ఈ గ్లాసు పరీక్ష చేస్తాను. అసలైన వర్మీ కంపోస్ట్ టీ పొడిలా గుళికలు గుళికలుగా ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలకరి మట్టి వాసన వస్తుంది, చేతికి జిడ్డు అంటదు.

ఆ తర్వాత గేదెల కొట్టాల మీద పడ్డాను. హైదరాబాద్‌లో ఇప్పటికీ శివారు కాలనీల్లో గేదెల్ని కట్టేసుకుని పాలు పోసేవాళ్లు ఉన్నారు, పొద్దున్నే పాలకేంద్రం దగ్గర నిలబడితే ఎవరి కొట్టం ఎక్కడో తెలిసిపోతుంది. ఒక పెద్దాయన, "పైసలెందుకమ్మా, నువ్వు సంచులు తెచ్చుకో, ఎంత కావాలంటే అంత తీస్కపో" అన్నాడు. కానీ ఆయన దగ్గర ఉన్నదంతా పచ్చి పేడ, లేదంటే పైపైన ఎండినది. అమ్మకు ఫోన్ చేస్తే, "పచ్చిది పోస్తే చెట్టు కాలిపోతది బిడ్డా, కుప్ప లోపల చెయ్యి పెడితే సల్లగ ఉండాలె, పేడ వాసన రావద్దు, అప్పుడు పొయ్యి" అంది. ఎరువుల గురించి నేను తర్వాత చదివినవన్నీ ఈ ఒక్క మాటకు వివరణలే అనిపిస్తుంది. పేడ కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు వేడి పుట్టిస్తాయి, బాగా పేర్చిన కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీల దాకా పోతుంది. ఆ పని కుప్పలో జరిగిపోవాలి గానీ మన కుండీలో, వేరు పక్కన జరగకూడదు.

అందుకే పెద్దాయన్ని బతిమాలి కొట్టం వెనక పాత కుప్ప చూపించమన్నాను. పైన ఒక పొర తీసేస్తే కింద నల్లగా, పొడిపొడిగా, బూజు వాసన కూడా లేకుండా మాగిన ఎరువు ఉంది. సంచులకెత్తుకుని ఆటోలో వేసుకొచ్చాం. దాన్ని నేరుగా కుండీల్లో పోయలేదు. మిద్దె మీద పాత ఫ్లెక్సీ పరిచి, ఇసుక జల్లెడతో జల్లించాను. జల్లెడ ఊపుతుంటే పైన నిలిచాయి తెల్లగా, చిటికెన వేలంత లావున, ఎర్రటి తలతో, ముట్టుకోగానే ఒళ్లు ముడుచుకునే పురుగులు. ఇవి కొమ్ము పురుగు పిల్లలు, పెంటకుప్పల్లోనే పెరుగుతాయి. ఆ చివికిన పెంట ఉన్నంతవరకు అదే తింటాయి, కుండీలో అది అయిపోతే వేర్ల మీద పడతాయి. పైకి ఏమీ కనపడదు, ఒకరోజు పొద్దున్నే మొక్క వాలిపోయి ఉంటుంది, పట్టుకుని లాగితే వేరు లేకుండా చేతికొస్తుంది. ఏరి పిట్టగోడ మీద పెడితే గోరింకలు వచ్చి పట్టుకెళ్లాయి. జల్లించిన ఎరువులో తట్టకు రెండు గుప్పెళ్ల చొప్పున వేప పిండి (వేప గింజల నూనె తీశాక మిగిలే చెక్క పొడి) కలిపి, తడి చల్లి, గోనెసంచి కప్పి నీడలో రెండు వారాలు ఉంచాలి. మిద్దె తోట చేసేవాళ్లు చాలామంది ఈ జల్లించే పని బద్ధకించి వదిలేస్తారు, దయచేసి వదలొద్దు.

పశువుల ఎరువులో పోషకాలు నిజానికి తక్కువే. కిలో ఎరువులో నత్రజని దాదాపు 5 గ్రాములు ఉంటుంది. దాని గొప్పతనం మట్టిని గుల్లగా ఉంచి, తడి పట్టి, సూక్ష్మజీవులకు ఇల్లవ్వడంలో ఉంది. కాపు మీదున్న వంగకు, టమాటాకు అది చాలదు. ఇక్కడ నాకు పనికొచ్చింది గానుగ. ఇప్పుడు ఊరంతా చెక్క గానుగ నూనె షాపులు వచ్చాయి కదా, నూనె తీశాక మిగిలే పల్లి చెక్క వాళ్లు పశువుల దాణాకు అమ్మేస్తారు. అందులో నత్రజని కిలోకు సుమారు 70 గ్రాములు. ఒక గుప్పెడు చెక్కను లీటరు నీళ్లలో నానేసి, మూత పెట్టి, రోజూ ఒకసారి కలుపుతూ నాలుగైదు రోజులు ఉంచి, వడకట్టి, దానికి పదింతలు నీళ్లు కలిపి మొక్కల మొదళ్లలో పోస్తాను. వాసన భరించలేం, అది ముందే చెప్తున్నా, సాయంత్రం పూట పోస్తే పక్కింటివాళ్లతో మాట రాదు. ఆముదం పిండి కూడా మంచిదే, వేరు దగ్గర చీమలు, చెదలు తగ్గుతాయని రైతులు వేస్తారు, కానీ అది కుక్కలకు విషం, తింటే ప్రాణం మీదకొస్తుంది. మా మిద్దె మీదకు కుక్క వస్తుంది కాబట్టి నేను ఆముదం పిండి ఇంట్లోకే తేను.

వీటన్నిటికన్నా నమ్మకమైనది మాత్రం మన వంటింటి చెత్తే. రంధ్రాలు పెట్టిన రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు, ఒకటి నిండాక మాగడానికి వదిలేసి రెండోది మొదలుపెట్టడం, ఇంతే ఏర్పాటు. కూరగాయల తొక్కలు, టీ పొడి, వాడిన పూలు, కొత్తిమీర కాడలు అందరి ఇంట్లోనూ ఉంటాయి, కష్టం ఎండు సరుకు దగ్గర వస్తుంది. పచ్చి చెత్త ఒక్కటే వేస్తే నీరు కారి కుళ్లు కంపు కొడుతుంది. కర్బనం, నత్రజని దాదాపు 30 కి 1 చొప్పున ఉంటే సూక్ష్మజీవులు చకచకా పనిచేస్తాయని పుస్తకాల్లో ఉంటుంది, ఇంట్లో లెక్కకు అది ఒక చెంబుడు పచ్చి చెత్తకు రెండు చెంబుల ఎండుటాకు అనుకుంటే సరిపోతుంది. మా వీధిలో కానుగ చెట్లున్నాయి, ఎండలు మొదలయ్యేసరికి ఆకంతా రాల్చేస్తాయి. ఊడ్చే అక్కకు చెప్పి పెడితే కుప్ప చేసి తగలబెట్టకుండా గోనెసంచుల్లో నింపి గేటు దగ్గర పెట్టి పోతుంది, నేను సంచికింత అని ఇస్తాను. ఆ ఆకుల్ని కాల్చడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, ఏడాది ఎరువు పావుగంటలో పొగైపోతుంది. ఆకులు అయిపోయిన రోజుల్లో చెరకు రసం బండి దగ్గర పిప్పి తెచ్చి, ఎండబెట్టి, కత్తిరించి వేస్తాను. రంపపు పొట్టు కొద్దిగా అయితే ఫరవాలేదు, ప్లైవుడ్ కోసిన పొట్టు మాత్రం వద్దు, అందులో జిగురు రసాయనాలుంటాయి.

మిగిలిపోయిన పప్పు, సాంబారు, పచ్చడి డ్రమ్ములో వేయను, వాటిలో ఉప్పూ నూనే ఉంటాయి. పొర పొరకూ కాస్త పుల్లటి మజ్జిగ చల్లుతాను. ఘాజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం వాళ్లు తయారుచేసిన వేస్ట్ డీకంపోజర్ (చెత్తను త్వరగా మాగబెట్టే సూక్ష్మజీవుల మందు) కూడా వాడి చూశాను, బాగానే పనిచేస్తుంది, కానీ మజ్జిగతోనూ పని జరిగిపోతోంది. పిడికిట్లోకి తీసుకుని పిండితే చెయ్యి తడవాలి, నీటి చుక్క కారకూడదు, అదే సరైన తేమ. వానాకాలంలో గోధుమ రంగు పురుగులు బిలబిలమంటూ కనపడితే చాలామంది భయపడి డ్రమ్ము మొత్తం పారబోస్తారు. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఒక రకం ఈగ పిల్లలు, మొక్కల జోలికి పోవు, చెత్తను మనకన్నా వేగంగా తినేస్తాయి. తడి ఎక్కువైందని అర్థం, ఎండుటాకు నాలుగు దోసిళ్లు వేసి కలియబెడితే వాటంతటవే తగ్గిపోతాయి.

పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టే జీవామృతం సంగతి ఎందుకు చెప్పలేదని అడుగుతారు. సుభాష్ పాలేకర్ గారు ప్రచారం చేసిన పద్ధతి ఇది, 2016 లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది, మన రెండు రాష్ట్రాల్లో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులందరికీ నోటికి వచ్చిన లెక్క: 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, రసాయనాలు తగలని గుప్పెడు గట్టు మట్టి. ఇది ఎకరానికి సరిపోయే లెక్క. మిద్దె తోటకు దాన్ని పదో వంతు చేసుకుంటే చాలు, 20 లీటర్ల బకెట్లో కిలో పేడ, లీటరు లోపు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి. నీడలో ఉంచి, పొద్దున సాయంత్రం కర్రతో ఒకే వైపుకు తిప్పితే రెండు రోజులకు పైన నురగ కట్టి పులిసిన వాసన వస్తుంది. వారంలోపు వాడేయాలి. నేను పదింతలు నీళ్లు కలిపి పదిహేను రోజులకోసారి పోస్తాను. కాకపోతే నా అభిప్రాయం సూటిగా చెప్తాను, జీవామృతం సూక్ష్మజీవుల తోడు లాంటిది, తోడు వేయడానికి పాలు ఉండాలి. కుండీలో మాగిన ఎరువు, కంపోస్ట్ లేకుండా ఉత్త ఎర్రమట్టిలో ఎన్ని బకెట్లు పోసినా మొక్క లేవదు. మూత్రం కోసం ఊరంతా తిరిగి, ఆ టెన్షన్‌తో తోటే మానేసినవాళ్లు నాకు తెలుసు. అది దొరకని నెల మానేయండి, ఏమీ కాదు.

ఇప్పుడు మా కుండీల్లో కాపు అయిపోగానే మట్టి తిరగబోసి రెండు రోజులు ఎండనిచ్చి, మూడు పాళ్లు పాత మట్టికి ఒక పాలు మాగిన ఎరువు, ఒక పాలు ఇంటి కంపోస్ట్, కుండీకో గుప్పెడు వేప పిండి కలుపుతాను. పూత మొదలయ్యాక పల్లి చెక్క నీళ్లు, ఇస్త్రీ బండి దగ్గర అడిగి తెచ్చిన బొగ్గుల బూడిద చిటికెడు. బూడిదలో పొటాష్ ఉంటుంది గానీ క్షార గుణం ఎక్కువ, నెలకు ఒక చెంచా దాటనివ్వను. వంగలో కొత్త చిగుళ్లు రావడానికి మూడు వారాలు పట్టింది, పసుపెక్కిన ఆకులు తిరిగి పచ్చబడవు, వాటిని తుంచి డ్రమ్ములో వేసేయడమే. బీర మాత్రం ఆ కాపులో పెద్దగా కాయలేదు, తర్వాత వేసిన పాదుకు పందిరంతా కాయలే.

పాలకూర, తోటకూర లాంటివాటికి ఇంత హంగామా అక్కర్లేదు, కంపోస్ట్ ఒక్కటి చాలు. గొర్రె పెంట దొరికితే వదలొద్దు, అది గేదె ఎరువు కన్నా బలమైనది. మా అమ్మగారి ఊరు సూర్యాపేట దగ్గర, అక్కడ చేలల్లో ఇప్పటికీ మందలు పెట్టిస్తారు, ఎండాకాలం వెళ్లినప్పుడు రెండు బస్తాలు కారు డిక్కీలో వేసుకొస్తాను. దాన్ని కూడా తడిపి, గోనె కప్పి, మాగబెట్టాకే వాడాలి. ఇక వానలు మొదలయ్యే లోపు ఎరువు సంచులన్నీ ఇటుకల మీద పెట్టి పైన టార్పాలిన్ కట్టుకోండి, లేకపోతే సారమంతా వాననీటితో మిద్దె గొట్టంలోంచి వీధిలోకి పోతుంది.