అమ్మ చీర రంగు

పొద్దున్నే కూర్చుని పటమట వాళ్ల తాతగారి పోర్ట్రెయిట్ మొదలుపెట్టాల్సింది. వాళ్లు ఫోన్‌లో పంపిన ఫొటోలో ఆయన ముఖం బఠాణీ గింజంత ఉంది, ముక్కు ఎక్కడుందో ఊహించుకోవాలి. దాన్ని పక్కన పడేసి మంచం కింద ట్రంకుపెట్టె సర్దుతానని కూర్చున్నాను, అంటే పని ఎగ్గొట్టాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు మునిగిన పెట్టె అది. అప్పట్లో బొమ్మలన్నీ ఒక్కోటి విడదీసి దండెం మీద ఆరేసి, చూడబుద్ధి కాక మళ్లీ అందులోనే పడేశాను. ఇవాళ చూస్తే రంగులు దాదాపు పోయాయి, పెన్సిల్ గీతలు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. వాటర్ కలర్‌ని కాయితానికి అంటించేది బంక, తడి తగిలితే ఎన్నేళ్ల తర్వాతైనా కరుగుతుంది. పెన్సిల్‌కి ఆ బాధ లేదు. తెలిసిన సంగతే గానీ మన బొమ్మ మీద చూస్తే కడుపులో దేవినట్టయింది.

వాటిలో అమ్మ బొమ్మ ఒకటి దొరికింది. 2004 పుష్కరాలప్పుడు దుర్గాఘాట్‌లో, మెట్ల మీద కూర్చుని తడిజుట్టు విదిలించుకుంటోంది. వెనక ప్రకాశం బ్యారేజీ. 70 గేట్లకిగాను 19 గీసి ఓపిక లేక వదిలేశాను (ఆ బద్ధకం ఇప్పటికీ ఉంది). మళ్లీ రంగు వేద్దామనిపించింది. చీర ముదురు నీలం, నాకు బాగా గుర్తు.

"నీలమేంట్రా, నెమలికంఠం. మంగళగిరి చీర, నిజాం అంచు" అంది అమ్మ, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

నా డబ్బాలో నెమలికంఠం అనే ట్యూబు లేదు. మామిడిచిగురు లేదు, వంగపండు లేదు, గంధం లేదు. బోర్డులు రాసే రోజుల్లో షాపులవాళ్లు కూడా ఇలాంటి పేర్లే చెప్పేవాళ్లు, మేం తలూపి మాకు తోచింది కలిపేవాళ్లం. ఇవాళ ప్రష్యన్ బ్లూలో కాస్త ఆకుపచ్చ కలిపి చూపించాను. "కాదు." ఇంకాస్త ఆకుపచ్చ. "అది చిలకపచ్చ అయిపోయింది, నీకు కళ్లు పోయాయా?"

అప్పుడు వెలిగింది, అది అసలు ఒక రంగు కాదు. నేతలో పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డదారం) ఇంకో రంగు, మడత తిరిగినప్పుడల్లా ఒకటి పైకొచ్చి ఇంకోటి దాక్కుంటుంది. కలిపితే వచ్చేది కాదు. ముందు నీలం పూసి, ఆరనిచ్చి, దాని మీద పలచటి ఆకుపచ్చ తెగిన గీతల్లా లాగాను. పొడి బ్రష్‌తో మూడు సార్లు. భుజం దగ్గర మాత్రం కాస్త కుదిరింది, మోకాలి దగ్గర బురద మరక అడ్డొచ్చి చెడింది.

అమ్మ చాలాసేపు చూసింది. ఏమీ అనకుండా లోపలికెళ్లి అటక మీంచి పాత బొంత దింపించింది, నాచేతే. దాని మూలన ఒక గుడ్డముక్క. "ఇదిగో, ఆ చీరే. చూసుకో, ఇదే రంగు" అంది, నన్ను గెలిచినట్టు.

ఉతికి ఉతికి తెల్లబోయి ఉంది. నాకైతే బూడిద రంగే కనిపించింది. అదే రంగని అన్నాను.

తాతగారి ముక్కు రేపు చూడాలి.