మినుము ఆకు మీది బూడిద

సంక్రాంతి వెళ్ళిన వారం పది రోజులకు మా ఊరి మినుము చేలో ఒక చివర దిగి మరో చివర గట్టెక్కితే, కొన్ని సంవత్సరాలలో పంట్లాం మోకాళ్ళ దాకా తెల్లని పొడి అంటుకొని ఉంటుంది. బూడిద తెగులు అని రైతులు పిలిచే ఆ పొడి ఒక శిలీంధ్రపు (బూజు వంటి జీవి) బీజరాశి. వృక్షశాస్త్రం బోధించే నేను ఏటా దానిని సూక్ష్మదర్శిని కింద చూస్తూనే ఉన్నాను గనుక, పాఠ్యపుస్తకాలలో ఎరిసైఫీ అనే పేరుతో కనిపించే ఈ ప్రజాతి గురించి నాకు తెలిసినంత వివరంగా రాయాలనిపించింది.

మాది గోదావరి పశ్చిమ డెల్టాలో కాలువ శివారు గ్రామం. దాళ్వాకు, అంటే రెండవ పంట వరికి, నీరు అందని మాగాణుల్లో, సార్వా (తొలి పంట) వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో పదును ఉండగానే నిలిచి ఉన్న పైరులో మినుములు వెదజల్లుతారు. దుక్కి ఉండదు, తడి పెట్టడం ఉండదు. భూమిలో మిగిలిన చెమ్మతోనే పంట చేతికి రావాలి.

ఈ తెగులును మంచు తెస్తుందని మా నాన్నగారి నమ్మకం. అందులో సగం నిజముంది. చల్లని రాత్రులూ, గాలిలో తేమా దీనికి అనుకూలమే. కాని వరిలో అగ్గితెగులు బీజం మొలకెత్తాలంటే ఆకు మీద నీటి పొర ఉండి తీరాలి. ఎరిసైఫీ బీజానికి ఆ అవసరం లేదు. తనలోనే తగినంత నీటిని దాచుకొని ఉండటం వల్ల అది పొడి ఆకు మీదనే మొలకెత్తుతుంది, పైగా నీటిలో మునిగితే చాలా బీజాలు చెడిపోతాయి, గట్టి వాన పడితే కొట్టుకుపోతాయి. అందుకే వాన లేని మా శీతకాలంలో, ఒత్తుగా పెరిగిన చేలో, ఎండ సోకని అడుగు ఆకుల మీద ఇది ముందుగా స్థిరపడుతుంది.

నన్ను ఇన్నేళ్ళుగా ఆశ్చర్యపరుస్తున్నది దాని భోజన విధానం. శిలీంధ్రజాలమంతా ఆకు పైనే పరచుకొని ఉంటుంది. బాహ్యచర్మ కణాలలోకి మాత్రం చూషకాలను దింపి, ఆ కణాన్ని చంపకుండా ఆహారం పీల్చుకుంటుంది. కణం చనిపోతే తనకూ తిండి ఉండదు. ప్రయోగశాలలో అగార్ అనే జెల్లీ మీద దీనిని పెంచడం సాధ్యం కాదు గనుక, విద్యార్థులకు చూపించడానికి నేను కుండీలలో మినుము మొక్కలను బ్రతికించుకుంటూ ఉంటాను. మిరపకు బూడిద తెగులు తెచ్చే ‘లెవెల్లులా’ అనే శిలీంధ్రం ఇదే కుటుంబానిదైనా ఆకు లోపలి కణజాలంలోకి దిగుతుంది. అక్కడ తెల్లదనం ఎక్కువగా ఆకు అడుగున కనిపిస్తుంది.

ఇక పేరు సంగతి. మినుము తెగులుకు కారణం ఎరిసైఫీ పాలిగోని అని మేము చదువుకున్నాము, అదే బోధించాము. ఆ జాతిని 1805లో వృక్షశాస్త్రజ్ఞుడు డీ కాండోల్ పాలిగోనమ్ మొక్క పేరు మీద వర్ణించాడు. 1900లో శిలీంధ్ర శాస్త్రవేత్త సాల్మన్ తన గ్రంథంలో ఎన్నో మొక్కల మీది బూడిద తెగుళ్ళను ఆ ఒక్క పేరు కిందికే చేర్చాడు. అయితే ఆస్ట్రేలియాలో పెసర, మినుము పంటలను పరిశీలించిన శాస్త్రవేత్తలు 2021లో అక్కడ రెండు శిలీంధ్రాలను గుర్తించారు: ఒకటి ఎరిసైఫీ విగ్నే అనే కొత్త జాతి, రెండవది పొడోస్ఫీరా జాంథీ. ఈ రెండవదే దోస, గుమ్మడి కుటుంబపు పాదుల మీద కూడా వస్తుంది. వీటిని వేరు చేయడానికి మంచి సూక్ష్మదర్శిని చాలావరకు సరిపోతుంది. ఎరిసైఫీ బీజాలు కాడ మీద ఒక్కొక్కటిగా పక్వానికి వస్తాయి, పొడోస్ఫీరా బీజాలు గొలుసుగా ఏర్పడతాయి. తట్టుకునే రకాన్ని ఎంచుకునేవారు ఏ శిలీంధ్రాన్ని తట్టుకోవాలో తెలుసుకోవడం అవసరం గనుక, దీనిని కేవలం పేర్ల తగాదాగా నేను భావించను.

మందు సంగతి కొత్తది కాదు. 1845లో ఇంగ్లండులోని మార్గేట్‌లో టక్కర్ అనే తోటమాలి ద్రాక్ష మీద ఇలాంటి పొడినే గమనించాడు. నేడు ఎరిసైఫీ నెకేటర్ అంటున్న ఆ శిలీంధ్రం కొద్ది సంవత్సరాలలో ఫ్రాన్సు ద్రాక్షతోటలను కుదిపివేసినప్పుడు గంధకమే ఆదుకుంది. మా చేలలోనూ నీటిలో కరిగే గంధకాన్ని లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి చల్లుతారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన ఎల్‌బీజీ 17 అనే మినుము రకం ఈ తెగులును తట్టుకునేదిగా పేరు పొందింది.

విత్తిన 30, 35 రోజుల మధ్య ఈ తెగులు మొదలవుతుంది. అప్పటికి తెల్లని మచ్చలు అడుగు ఆకుల మీదనే ఉంటాయి గనుక గట్టు మీద నిలబడి చూసేవారికి చేను పచ్చగానే కనిపిస్తుంది. పైకి కనిపించే నాటికి అడుగు ఆకులు రాలడం మొదలై, కాయలో గింజ ఊరే బలం తగ్గిపోతుంది. ఈ ఏడు నాన్నగారు నాతో చేలోకి దిగి, మొక్కలను చేతులతో విడదీసి, నేలకు జానెడు ఎత్తులో ఉన్న ఆకు ఒకటి తుంచి ఇచ్చారు. దాని మీద కందిగింజంత తెల్ల మచ్చలు మూడున్నాయి. సాయంత్రం అద్దం పలక మీద పరిశీలిస్తే, రెండు మచ్చల్లో బీజాలు ఒంటరిగా ఉన్నాయి. మూడవ దానిలో గొలుసులా అనిపించింది గాని, స్పష్టం కాలేదు. రేపు ఉదయం మంచు ఆరిన తరువాత అదే మడి నుంచి మరికొన్ని ఆకులు తేవాలి.