పంటి ఇంప్లాంట్ వేయించుకోవడం తేలికే, ఇద్దరు డాక్టర్లను ఒప్పించడమే కష్టం

నిన్న క్యాప్ బిగించారు. ఇవాళ ఎడమవైపు జంతికలు నమిలాను. ఆపరేషన్‌కి భయపడేవాళ్లకి ఒక్కటే మాట: మత్తిచ్చి, పోయిన పంటి చోట దవడలో టైటానియం స్క్రూ దించి, కుట్లేసి పంపారు. ఎముక దాన్ని పట్టుకోవడానికి నాలుగు నెలలు ఆగమన్నారు. అంతే.

గొడవంతా అంతకుముందే. నాకు ఎముకలు గుల్లబారాయి, ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌లో టీ స్కోరు మైనస్ 2.9 (సున్నాకి ఎంత కిందకుంటే ఎముక అంత బలహీనం). ఎముక అరగకుండా ఆర్నెల్లకోసారి డెనోసుమాబ్ 60 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ తీసుకుంటాను. పళ్ల క్లినిక్ ఫారంలో షుగరు, బీపీ అడిగారు గానీ ఎముకల మందుల ఊసే లేదు. నేనే చెప్పాను. వెంటనే డాక్టరు మొహం మారింది. ఈ మందు వాడేవాళ్లలో కొందరికి గాయం మానక దవడ ఎముక కుళ్లిపోతుందట, ఏడాది మానేసి రమ్మన్నాడు. పైగా ఎముక ఎంత వేగంగా అరుగుతోందో చూసే సీటీఎక్స్ రక్తపరీక్ష ఒకటి, డబ్బులు దండగ.

ఎముకల డాక్టరేమో మానేస్తే వెన్నుపూసలు విరుగుతాయని కసిరాడు. ఆ ముక్కే కాగితం మీద రాసివ్వమంటే, "ఈ వయసులో ఇంప్లాంట్లు ఎందుకమ్మా? సెట్టు పెట్టించుకోండి, ఇంకా ఎన్నేళ్లు తింటారు?" అన్నాడు. పక్కనున్న జూనియర్లు కిసుక్కున నవ్వారు. ఇలాంటివాళ్లకి లెక్కలు నేర్పి పాస్ చేయించినదాన్ని! ఒకరికొకరు ఫోన్ చేసుకోరు, మధ్యలో పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం నాది.

చివరికి ఒక దవడ సర్జన్ నా ఎదుటే ఆ ఎముకల డాక్టరుకి ఫోన్ కలిపారు. పది నిమిషాల్లో తేలిపోయింది. ఇంజెక్షన్ మానక్కర్లేదు. గత డోసు పడ్డాక మూడు నాలుగు నెలలకి సర్జరీ, గాయం మానాక తర్వాతి డోసు వేళకే. ఈ మందు ఎముకలో నిలవ ఉండదు, ఆలస్యమైతే ఎముక గబగబా అరిగిపోతుంది. దవడ కుళ్లే ప్రమాదం క్యాన్సర్‌కి పెద్ద డోసులు తీసుకునేవాళ్లకి ఎక్కువ, మాలాంటివాళ్లకి చాలా తక్కువ. సీటీఎక్స్‌ని బట్టి ఏమీ తేల్చలేమని కూడా ఆ సర్జనే అన్నారు. దవడకి సీబీసీటీ స్కాన్ (ఎముకని 3డీలో చూపే ఎక్స్‌రే) తీయించి, ముందు చిగుళ్లు శుభ్రం చేయించి, ఆ తర్వాతే స్క్రూ వేశారు.

ఇదే జబ్బుకి వారానికోసారి అలెండ్రోనేట్ మాత్ర వేసుకునేవాళ్లు నా తేదీలు చూసి లెక్కలు వేసుకోకండి. అది ఎముకలో ఏళ్ల తరబడి ఉంటుంది, దాని లెక్క వేరు. ఇంజెక్షన్ తేదీల కార్డు మాత్రం ఎవరడిగినా అడగకపోయినా బల్ల మీద పెట్టండి.

మానొద్దన్న ఎముకల డాక్టరు మాట నిజమే, ఒప్పుకుంటాను. తర్వాతి డోసు మాత్రం వేరే ఆయన దగ్గర వేయించుకున్నాను.