ఖాళీ బండిలో బిగ్ బెండ్ దాకా

టెక్సస్‌లోని బిగ్ బెండ్ నేషనల్ పార్కుకని తెల్లవారుజామున డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో బయలుదేరిన మేము వెదర్‌ఫర్డ్ దాటేసరికి అమ్మ నోరు విప్పింది రెండే సార్లు. మొదటిసారి ఫ్లాస్కులోని కాఫీ చీర మీద ఒలికినప్పుడు; రెండోసారి, "ఒరేయ్, ఇంత డబ్బు పోసి కొన్న బండి మన చెరుకు ట్రాక్టరు తొట్టిలా ఎగురుతుందేమిట్రా?" అని అడగడానికి. నేను సమాధానం చెప్పలేదు. మా ఆవిడ అద్దంలోంచి నన్ను చూసిన చూపులో మాత్రం నెల రోజుల కిందటి మాట ఒకటి స్పష్టంగా కనిపించింది: "అత్తయ్యగారి నడుము సంగతి తెలుసుగా, మినీవ్యాన్ అద్దెకు తీసుకుందాం."

ఐ-20 రోడ్డులో తప్పేమీ లేదు. ప్రతి వంతెనకూ మొదట్లో ఒక అతుకు, చివర్లో ఒక అతుకు ఉంటాయి. మామూలు కారులో ఉన్నవాళ్ళకు అవి చిన్న చప్పుడుగా తెలుస్తాయి తప్ప కుదుపుగా తెలియవు. మా బండిలో ముందు చక్రాలు అతుకు ఎక్కినప్పుడు ఒక కుదుపు, అది సర్దుకునేలోపు వెనక చక్రాలు ఎక్కి ఇంకొకటి. వెనక సీటు వెనక ఇరుసుకు దగ్గర కాబట్టి రెండోది నేరుగా అమ్మ నడుముకే తగిలేది. వేగం డెబ్బై నుంచి అరవై నాలుగు మైళ్ళకు తగ్గిస్తే ఊపు కొంచెం తగ్గుతుందని అబిలీన్ చేరేలోపు కనిపెట్టాను. అయితే డెబ్బై అయిదు మైళ్ళ పరిమితి ఉన్న రోడ్డు మీద అరవై నాలుగులో వెళ్ళేవాడిని వెనకనుంచి వచ్చే లారీలు ఎలా పలకరిస్తాయో ఆ దారిలో వెళ్ళినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

బండి గురించి కొంత చెప్పాలి. ఇరవై ఎనిమిది అడుగుల ఇల్లులాంటి ట్రైలరును లాగడానికి రెండేళ్ళ క్రితం పాతదిగా కొన్న డీజిల్ పికప్ ఇది. ఇక్కడివాళ్ళు ఈ తరగతిని ముప్పావు టన్ను, అంటే 1,500 పౌండ్ల, బండి అంటారు. ఆ పేరు పాతకాలంలో నిజమేమో గాని, నా బండి తలుపు దగ్గరి స్టిక్కరు ప్రకారం అది దాదాపు 2,800 పౌండ్లు మోయగలదు. అంటే కంపెనీవాళ్ళు బరువును మనసులో పెట్టుకుని స్ప్రింగులు బిగించారు గాని, నలుగురు మనుషులనూ రెండు సూట్‌కేసులనూ దృష్టిలో పెట్టుకుని కాదు. ఈసారి ట్రైలరును ఇంటి దగ్గరే వదిలేశాం. పార్కులో కొండల నడుమనున్న చీసోస్ బేసిన్ మలుపుల్లోకి ఇరవై అడుగులు మించిన ట్రైలర్లు తేవద్దని పార్కువాళ్ళు చెబుతారు. అంతకంటే ముందు, చక్రాల ఇంట్లో తాను పడుకోనని అమ్మ తేల్చి చెప్పింది.

నా వైపునుంచి తయారీ లేకపోలేదు. ప్రయాణానికి నెల ముందే నాలుగు వందల డాలర్లు పోసి, వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య బిగించే రబ్బరు గాలి తిత్తులు తెప్పించుకుని, రెండు శనివారాలు బండి కింద పడుకుని నేనే బిగించాను. గాలి మీద కూర్చున్న బండి మెత్తగా నడవాలి కదా అన్నది నా తర్కం. గాలి ఎంత ఎక్కువైతే అంత మెత్తదనమని ముప్పై అయిదు పిఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టాను. టైర్లు మార్చిన దుకాణంవాళ్ళు అంతకు ముందే నాలుగింటికీ తలా ఎనభై కొట్టి పంపించారు. ఆ రెండు పనులూ కలిస్తే ఏమవుతుందో అమ్మకు తెలిసింది.

స్వీట్‌వాటర్ గాలిమరలు, బిగ్ స్ప్రింగ్‌లో తిన్న పులిహోర, మిడ్‌ల్యాండ్ దగ్గర చమురు బావుల మంటలు, ఇవన్నీ ఉన్నాయి గాని ఆ రోజు నాకు గుర్తున్నది ఒడెస్సాలో హోటలువాళ్ళు చెప్పిన ధర. కిటికీ తెరుచుకోని గదికి ఆ డబ్బు డాలస్‌లో కూడా ఎవరూ అడగరు. ఆ ఊళ్ళో గదుల అద్దె చమురు ధరతోపాటు పైకీ కిందికీ పోతుందని కౌంటరులో ఉన్న అమ్మాయి ఏమాత్రం సిగ్గు లేకుండా చెప్పింది.

భోజనం అయ్యాక నాన్న కనిపించలేదు. వెతుక్కుంటూ వెళితే పార్కింగు స్థలంలో చమురు కంపెనీల తెల్ల పికప్‌ల మధ్య, చేతిలో ఫోను దీపంతో, ఒక్కొక్క బండి వెనక గొంతుకు కూర్చుని కిందికి చూస్తున్నారు. టెక్సస్‌లో రాత్రి తొమ్మిదింటికి ఇతరుల బండ్ల కింద దీపం వేసి చూడటం ఎంత ప్రమాదమో చెప్పి లేపబోతే, "ఇటు రారా అబ్బాయ్, దీనికి కమాన్ పట్టీలు లేవు, చుట్ట స్ప్రింగులున్నాయి" అన్నారు. అది రామ్ 2500. ఆ బండికి వెనక వైపు 2014 మోడల్ నుంచి కాయిల్ స్ప్రింగులే వస్తున్నాయి. పక్కనున్న ఫోర్డ్, షెవర్లే బండ్లకు వెనక కమాన్ పట్టీలే, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల కట్టలే. షెవర్లేకు ముందు చక్రాలు మాత్రం ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విడివిడిగా ఆడతాయి. నాన్నకు ఈ పేర్లేవీ తెలియవు. ఉయ్యూరులో ఇరవై రెండేళ్ళు చెరుకు లారీ తిప్పిన మనిషి కాబట్టి కింద ఉన్న ఇనుము చాలు. చివరికి నా బండి దగ్గరికి వచ్చి, గాలి తిత్తుల మీద వేలితో కొట్టి చూసి, "ఇది రాయిరా" అని లోపలికి వెళ్ళిపోయారు.

పొద్దున్నే దగ్గరున్న టైర్ల షాపుకు వెళ్ళాం. యజమాని అరవై ఏళ్ళ మెక్సికన్ పెద్దమనిషి. చమురు బావుల బండ్లకు తప్ప వేరేవాటికి పని చేసే తీరిక ఆయనకు ఉన్నట్టు లేదు. అయినా బయటికి వచ్చి, వెనక బంపరు మీద ఎక్కి నిలబడి రెండుసార్లు ఊగాడు. బండి కదల్లేదు. "వెనక ఏం మోస్తున్నావు?" అన్నాడు. నలుగురమూ రెండు పెట్టెలూ అన్నాను. ఆయన నవ్వలేదు, ముందు కాటా వేయించుకుని రమ్మన్నాడు.

కాటా అన్న మాట వినగానే నాన్న ముఖం వెలిగింది. చెరుకు సీజనులో ఫ్యాక్టరీ కాటా ముందు రాత్రంతా వరసలో నిలబెట్టిన లారీలో నిద్రపోయిన రోజులు నాకూ గుర్తున్నాయి. బరువు దించి ఖాళీగా తిరిగి వచ్చే లారీలో పడుకోవడానికి మాత్రం ఎవరూ ఒప్పుకునేవారు కాదు. ట్రక్ స్టాప్‌లో పద్నాలుగు డాలర్ల పైచిలుకు తీసుకుని ఇచ్చిన చీటీలో మా నలుగురితో కలిపి ముందు ఇరుసు మీద 4,720, వెనక ఇరుసు మీద 3,340, మొత్తం 8,060 పౌండ్లు అని ఉంది. ముందున్న డీజిల్ ఇంజను బరువు వల్ల వెనక భాగం అంత తేలిక.

షాపు పెద్దమనిషి ఆ చీటీ తీసుకుని, టైరు పక్క గోడ మీది అక్షరాలు నాకే చదివించాడు: 80 పిఎస్ఐ గాలితో ఒక్కో టైరు 3,640 పౌండ్లు మోస్తుంది. వెనక ఒక్కో టైరు మీద ఉన్నది 1,670. సగం కూడా లేని బరువుకు పూర్తి గాలి కొట్టిన టైరు, రోడ్డు మీది ప్రతి గులకరాయినీ ఇరుసుకు అప్పజెబుతుంది తప్ప తాను మింగదు. గోడకు అంటించిన పట్టికలో చూసి, కొంత మార్జిను ఉంచి, ముందు 55, వెనక 45కు తగ్గించాడు. ట్రైలరు తగిలించే రోజు తలుపు మీద రాసినంతా మళ్ళీ కొట్టాలని, బరువుతో ఈ గాలి మీద పరుగెత్తితే టైరు వేడెక్కి చీలుతుందని మూడుసార్లు చెప్పాడు.

తర్వాత తిత్తుల వంతు. అవి బరువు మోయడానికే గాని మెత్తదనానికి కాదట. ఖాళీ బండిలో అవి ఉన్న స్ప్రింగుకు ఇంకో స్ప్రింగును జోడించి, ఇరుసు పైకి ఆడటానికి ఉన్న కొద్ది చోటునూ ఆక్రమిస్తాయి. తయారుచేసినవాళ్ళు రాసిన కనీస పరిమితి అయిదు పిఎస్ఐకి దించి, ఇంటికి వెళ్ళాక పీకేయమన్నాడు. అప్పుడు నాన్న, నన్ను అనువాదకుడిగా పెట్టుకుని, తమ కాలంలో కమాన్ పట్టీల మధ్య తుప్పు పడితే పాత ఇంజనాయిల్ పోసేవాళ్ళమని, లేకపోతే పట్టీ మీద పట్టీ జారక మొత్తం కట్ట ఒకే దుంగలా అయిపోతుందని చెప్పారు. షాపు పెద్దమనిషి వెంటనే లైటు తెచ్చి, నా బండి పట్టీల చివర ఉండాల్సిన ప్లాస్టిక్ బిళ్ళలు రెండు అరిగి, ఇనుము మీద ఇనుము రాసుకుంటున్న చోటు చూపించాడు. ఒక షాక్ అబ్జార్బరు నూనె కారుస్తోందని కూడా అప్పుడే తెలిసింది. డెబ్బై వేల మైళ్ళు తిరిగిన షాక్‌లు కుదుపును అణచలేవు. స్ప్రింగు ఒకసారి ఎగిరితే దాన్ని ఆపి ఆ శక్తిని వేడిగా మార్చాల్సింది అవే. ఇద్దరూ భాష లేకుండా పావుగంట మాట్లాడుకున్నారు. ఆయన తీసుకున్నది పది డాలర్లు.

ఒడెస్సా నుంచి 385 మీద క్రేన్, ఫోర్ట్ స్టాక్‌టన్, మారథన్ దాకా ఒక్క గొంతు కూడా ఫిర్యాదుగా లేవలేదు. బండి కారైపోయిందని అబద్ధం చెప్పను. పెద్ద గతుకు వచ్చినప్పుడు వెనక భాగం ఇంకా ఎగురుతూనే ఉంది. పదునైన చిన్న కుదుపులు మాత్రం పోయాయి. టైర్లలో గాలి తక్కువైందని డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలగడం మొదలైంది. మన్నించరాని అపశకునంలా నాన్న దాన్నే చూస్తూ కూర్చున్నారు. అమ్మ మారథన్ ముందే నిద్రపోయింది.

పార్కులో గడిపిన మూడు రోజుల్లో రెండింటి గురించి చెప్పాల్సింది, పార్కు పక్కనున్న టెర్లింగ్వా ఊళ్ళో వసంత సెలవుల ధరలు తప్ప, ఏమీ లేదు. మూడో రోజు శాంటా ఎలెనా లోయకు ఓల్డ్ మావెరిక్ రోడ్డు మీదుగా వెళదామన్నది నా మూర్ఖత్వం. దాదాపు పద్నాలుగు మైళ్ళ మట్టి రోడ్డు. ముడతలు పడ్డ రేకులా అడ్డంగా గాడులు. వాటిని ఎవరో తవ్వరు, వదులు మట్టి మీద ఒక వేగం దాటి దొర్లే చక్రాలే వాటిని పుట్టిస్తాయి. ఒడెస్సా పెద్దమనిషి లెక్కను గుర్తు చేసుకుని గాలిని ఇరవై ఎనిమిదికి దించాం, నిదానంగా పోయాం. గాడుల మీద బండి గలగలలాడింది గాని అమ్మ చేతిలో ప్లాస్టిక్ గ్లాసు నిలిచింది.

దించడం సులువే. ఎక్కించడానికి లోయ దగ్గర, పదిహేను వందల అడుగుల నిలువు రాతి గోడల ముందు, రియో గ్రాండే నీటి చప్పుడు వినడానికి వచ్చిన జనం మధ్య, నా చిన్న కంప్రెసరు నలభై నిమిషాలు మోగింది. ఒక్కో టైరుకు పది నిమిషాలు. ఒకావిడ బైనాక్యులర్లు దించి మమ్మల్ని చూసింది. నాన్న ఆమెకు నమస్కారం పెట్టి, మీటరు చదవడం కొనసాగించారు.

ఇంటికి వచ్చాక ఆరు వందల డాలర్ల పైచిలుకు పెట్టి ఒకే గొట్టంతో చేసిన మోనోట్యూబ్ షాక్‌లు నాలుగు, ఇరవై డాలర్ల ప్లాస్టిక్ బిళ్ళలు వేయించాను. నాన్న వెళ్ళేముందు వెనక తొట్టిలో ఇరుసుకు కాస్త ముందుగా ఇసుక మూటలు నాలుగు పెట్టి కట్టమన్నారు. డీజిల్ ధర చెబితే రెండుకు ఒప్పుకున్నారు. గాలి తిత్తులు గ్యారేజీలో ఉన్నాయి. సగం ధరకు అమ్మకానికి పెట్టి ఆరు వారాలైంది. ఇద్దరు ఫోను చేశారు, ఇద్దరూ అవి వేస్తే బండి మెత్తగా నడుస్తుందా అని అడిగారు.